ఫోర్ బై ఫోర్ బండితో కొండదారి: అపోహలు - వాస్తవాలు

మందస వైపు మహేంద్రగిరి కింది దారులకో, ఎస్.కోట కొండలకో వెళ్దామనుకునే తమ్ముళ్లు ముందు అడిగేది బండి బాడీని ఎత్తు చేసే లిఫ్ట్ కిట్ గురించే. అక్కడే మొదలుపెడతాను.

అపోహ: లిఫ్ట్ చేయిస్తే కింద ఏదీ తగలదు.

బాడీ లేస్తుంది, నిజమే. కానీ థార్, జిమ్నీల వెనక యాక్సిల్ మధ్యలో ఉండే డిఫరెన్షియల్ హౌసింగ్, అంటే ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకీ పంచే గేర్ల డబ్బా, ఉన్నచోటే ఉంటుంది, రాయి తగిలేది ఎక్కువగా దానికే. దాన్ని పైకి లేపేది పెద్ద టైరు ఒక్కటే, అదీ సగమే: టైరు వ్యాసం 2 అంగుళాలు పెరిగితే హౌసింగ్ లేచేది 1 అంగుళం. పైగా పెద్ద టైరుతో గేరింగ్ మారిపోయి రాళ్ల మీద నెమ్మదిగా పాకే శక్తి తగ్గుతుంది, బండి ఎత్తయ్యేకొద్దీ పక్కవాలులో బోల్తా భయం పెరుగుతుంది. దుకాణంలో ఇవేవీ చెప్పరు!

అపోహ: ఫోర్ బై ఫోర్ వేస్తే నాలుగు చక్రాలూ లాగుతాయి.

ఎర్రమట్టిలో వాన కోసేసిన గాడులు ఏటవాలుగా దాటేటప్పుడు ముందు ఒక చక్రం, వెనక ఎదురుమూల చక్రం గాల్లోకి లేస్తాయి. "ఫోర్ ఎల్ వేసినా కదల్నేదేటన్నా" అని (ఫోర్ ఎల్ అంటే ఫోర్ బై ఫోర్‌లో తక్కువ వేగం, ఎక్కువ లాగుడు ఇచ్చే గేరు) ఫోన్లు వచ్చేది సరిగ్గా ఇక్కడే. మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ రెండు పక్కలకీ సమానంగానే టార్క్ ఇస్తుంది, గాల్లో ఉత్తినే తిరిగే చక్రానికి ఎంత చాలుతుందో నేల మీదున్నదానికీ అంతే, అంటే దాదాపు సున్నా. రెండు చక్రాలనీ కలిపి ఒకేలా తిప్పే లాకర్ ఉంటే సరే, లేకపోతే బ్రేకులతో పనిచేసే ట్రాక్షన్ కంట్రోలే దిక్కు, అది చక్రం తిరుగుతుంటేనే పట్టుకుంటుంది కాబట్టి చక్రం తిరగ్గానే కంగారుగా యాక్సిలరేటర్ వదిలేయకుండా కాస్త నిలకడగా తొక్కి ఉంచాలి. అసలు ముందు ఒక మనిషిని కిందకి దింపి, టైర్లు గట్టు మీదుగా వెళ్లేలా దారి చూపించుకుంటే సగం టెన్షన్ ఉండదు.

అపోహ: రాళ్లలో టైరు గట్టిగా ఉండాలి.

తారురోడ్డు మీదే. కొండదారిలో టైరు గాలి 18-20 పీఎస్ఐకి దించితే పట్టు పెరుగుతుంది. టైరు అంచుని బిగించి పట్టే బీడ్‌లాక్ రిమ్ములు లేకుండా 15 కిందకి మాత్రం వద్దు, టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. తిరిగి హైవే ఎక్కే ముందు గాలి కొట్టుకోవాలి, కంప్రెసర్ బండిలోనే ఉంచుకోండి.

అపోహ: ఎత్తు ఊపులో ఎక్కించేయాలి.

ఇసుకలో ఊపు కావాలి, రాళ్లలో యాక్సిల్ విరగ్గొడుతుంది. మధ్యలో ఇంజిన్ ఆగితే బండి తిప్పొద్దు, న్యూట్రల్ వద్దు, రివర్స్ గేరులో వచ్చిన దారినే నిటారుగా దిగండి.

అపోహ: స్నార్కెల్ (ఇంజిన్‌కి పైనుంచి గాలి తెచ్చే గొట్టం) ఉంటే నాగావళి దాటేయొచ్చు.

స్నార్కెల్ కాపాడేది ఇంజిన్ పీల్చే గాలిని మాత్రమే. వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లటి నీళ్లలో మునిగితే, దానికి గాలి ఆడించే బ్రీదర్ గొట్టం ఎత్తులో లేనప్పుడు నీళ్లు లోపలికి పీల్చేసుకుంటుంది. ఏరు దాటాక ఆయిల్ చూడండి, మజ్జిగలా తెల్లబడి ఉంటే మార్పించేయడమే.