మైలురాయిని నమ్మండి, మీటరును కాదు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

ట్రక్కు ఫొటోలు అందాయి. టెక్సస్ ఎండలో కొత్త టైర్లు నిగనిగలాడుతున్నాయి. మీ నాయనమ్మ చూసి "ఎక్కడానికి నిచ్చెన కూడా ఇచ్చారా?" అని అడిగింది. నాకు మాత్రం ఫొటోల కింద మీరు రాసిన మాట దగ్గరే చూపు ఆగిపోయింది. హైవే మీద గాలనుకు 19 మైళ్లు ఇచ్చే మీ డీజిల్ పికప్పు ట్రక్కు రామ్ 2500, 35 అంగుళాల టైర్లు వేశాక 16కి పడిపోయిందన్నారు. ముప్పై ఏళ్లు విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద పడుకున్నవాణ్ణి. మైలేజి తగ్గిందని ఎవరైనా వస్తే ముందు వాళ్ల లెక్క చూసేవాణ్ణి, ఆ తర్వాతే బానెట్ ఎత్తేవాణ్ణి.

దూరం చూపే మీటరుకు, అంటే ఓడోమీటరుకు, రోడ్డు కనిపించదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కగట్టి దాన్నే మైళ్లుగా చూపిస్తుంది. మీ పాత టైరు మీద 265/70ఆర్17 అని ఉంది కదా. వెడల్పు 265 మిల్లీమీటర్లు, అందులో 70 శాతం టైరు గోడ ఎత్తు, అంటే 185.5. అది పైన ఒకసారి, కింద ఒకసారి, నడుమ 17 అంగుళాల రిమ్ము. అంతా కలిపితే 31.6 అంగుళాలు. ఆ టైరు మైలుకు దాదాపు 638 చుట్లు తిరుగుతుంది. 35 అంగుళాలది 576 చుట్లకే మైలు దాటేస్తుంది. బండికి ఆ సంగతి తెలియదు, పాత లెక్కలోనే ఉంటుంది. మీరు మైలు దాటి ముందుకు వెళ్లాక గానీ అది ఒక మైలు వేయదు.

టైరు మీద 35 అని ఉన్నా, బండి బరువు పడగానే కొంత కుంగుతుంది. అందుకే కాగితం మీద లెక్కతో సరిపెట్టుకోకుండా ఇంటర్‌స్టేట్ హైవే ఎక్కి, మైలురాళ్లు చూస్తూ 20 మైళ్లు నడపండి. ఓడోమీటరు 18.2 చూపిందనుకోండి, అసలు దూరం దానికి 1.1 రెట్లన్నమాట. ఇక మీ 16 సంగతి. 25 గాలన్లకు 400 మైళ్లని మీరు రాశారు. నిజానికి వెళ్లింది సుమారు 440. అంటే గాలనుకు 17.6. పోయాయనుకున్న మూడు మైళ్లలో సగానికి పైగా మీటరు మింగింది, ట్రక్కు కాదు.

మిగిలిన 1.4 మైళ్లు మాత్రం నిజంగానే పోయాయి. అందులో మీ పాదం వాటా కూడా ఉంది. స్పీడు ముల్లు గంటకు 65 మైళ్లు చూపుతున్నప్పుడు మీరు 71 దాటి పోతున్నారు. గాలి అడ్డు వేగపు వర్గంతో పెరుగుతుంది, కాబట్టి పదో వంతు వేగం పెరిగితే గాలి తోపు ఐదో వంతు పెరుగుతుంది. దానికి తోడు లిఫ్ట్ కిట్ వేసి బండిని గాలికి ఎదురుగా ఇంకాస్త పైకెత్తారు.

పెద్ద చక్రం తప్పని నేననను. మన ఎడ్లబండికి అంత ఎత్తు చక్రం పెట్టింది గతుకుల్లో తేలిగ్గా దొర్లడానికే. కానీ అది సన్నగా, ఇనప పట్టాతో ఉంటుంది. మీది వెడల్పాటి బురద టైరు. ఆ ముద్దముద్దల ట్రెడ్ సిమెంటు రోడ్డు మీద ప్రతి చుట్టుకూ నలిగి వేడెక్కుతుంది. ఆ వేడి డీజిల్ నుంచి వచ్చిందే. బరువు మాట అంటారా, నిలకడగా పోయేటప్పుడు పెద్దగా తెలియదు. ఊళ్లో సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగి కదిలేటప్పుడు తెలుస్తుంది.

గేర్ల సంగతి కూడా చూడండి. మీ వెనక ఇరుసు నిష్పత్తి 3.73, అంటే చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే ఇంజను వైపు నుంచి వచ్చే షాఫ్టు 3.73 చుట్లు తిరగాలి. పెద్ద టైరుతో అది 3.39లా పనిచేస్తుంది. చదును రోడ్డు మీద ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది, డీజిల్‌కు అది ఇష్టమే. ట్రైలరు తగిలించి మిట్ట ఎక్కితే మాత్రం ఇంజను గుంజుకుంటుంది, గేరు దిగుతుంది. తరచూ బరువు లాగే పని ఉంటే ఇరుసులోని పళ్ల చక్రాల జత, అదే క్రౌను పినియను, మార్చి 4.10 వేయించుకోండి. మామూలు తిరుగుడుకు ఆ ఖర్చు దండగ.

పొగ ఫిల్టరు పీకేసి, ఇంజను కంప్యూటరు సెట్టింగులు మార్చే ట్యూనర్ పెట్టమని మీకెవరో చెప్పారట. ఫిల్టరు తనను తాను శుభ్రం చేసుకోవడానికి కొంత డీజిల్ కాల్చేమాట నిజమే, పీకేస్తే కొంత మిగలవచ్చు. కానీ అక్కడి క్లీన్ ఎయిర్ చట్టం ప్రకారం అది చట్టవిరుద్ధం. పదేళ్లలో 5,50,000కు పైగా డీజిల్ పికప్పుల్లో ఇలా పీకేశారని 2020లో అక్కడి పర్యావరణ రక్షణ సంస్థ ఈపీఏ లెక్కగట్టింది. ఆ లెక్కలో మీరు చేరవద్దు.

స్థూల బరువు, అంటే సరుకుతో కలిపి బండి మోయగల గరిష్ఠ బరువు, 8,500 పౌండ్లు దాటిన పికప్పులకు షోరూములో మైలేజి చీటీ అంటించాల్సిన పని లేదు, కాబట్టి మీ ట్రక్కు మైలేజి మీరే తేల్చుకోవాలి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, నాజిల్ మొదటిసారి ఆగినప్పుడే ఆపి, మూడు ట్యాంకులు రాసి పెట్టండి. గాలి చల్లటి టైర్లలోనే చూడండి. బండి కంప్యూటర్‌లో కొత్త టైరు కొలత ఎక్కించాక మళ్లీ 1.1తో గుణించకండి, లేని మైలేజి చూసుకుని నాకు గొప్పగా ఫోను చేస్తారు.

మీ తాతయ్య