ఊరందరిదీ ఒక దారి అయినప్పుడు

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. జపాన్ బళ్ళలో పిల్లలు తమ క్లాసు తామే ఊడ్చుకుని, భోజనం తామే వడ్డించుకునే వీడియోలు చూసి మీరు ముచ్చటపడుతున్నారని అమ్మ చెప్పింది. నాకూ ఆ క్రమశిక్షణ అంటే గౌరవమే. అయితే అలా కలిసి నడిచే నలుగురిలో ఒకరికి "ఈ పనికి నా మనసు ఒప్పుకోదు" అనిపిస్తే ఏమవుతుందో కూడా మీరు తెలుసుకోవాలి.

కోబె నగరంలో ఒక మునిసిపల్ టెక్నికల్ కాలేజీ ఉంది. పదిహేనేళ్ళ పిల్లలు చేరి ఐదేళ్ళు చదువుకుంటారు. 1990లో అక్కడ చేరిన ఒక అబ్బాయి యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందినవాడు. వ్యాయామం క్లాసులో కెండో తప్పనిసరి. వెదురు కత్తులతో తలపడే ఆట అది. పోరాట విద్య నేర్చుకోవడం తన విశ్వాసానికి విరుద్ధమని అతను టీచర్లకు చెప్పాడు. బదులుగా రిపోర్టు రాసిస్తాను, ఇంకేదైనా చేస్తాను అని అడిగాడు. కాలేజీ కుదరదంది.

అయినా అతను క్లాసు ఎగ్గొట్టలేదు. బట్టలు మార్చుకుని, అందరితో పాటు వార్మప్ చేసి, కెండో మొదలవగానే ఒక పక్కన కూర్చుని చూసింది చూసినట్టు రాసుకున్నాడు. దాన్ని రిపోర్టుగా ఇవ్వబోతే తీసుకోలేదు. మిగతా సబ్జెక్టుల్లో మంచి మార్కులే వచ్చినా వ్యాయామంలో ఫెయిల్ చేసి అదే క్లాసులో ఉంచేశారు. మరుసటి ఏడాదీ అదే జరిగింది. చివరికి కాలేజీ నుంచే పంపేశారు.

కింది కోర్టు కాలేజీ పక్షమే పలికింది. పైకోర్టులో అబ్బాయి గెలిచాడు. 1996 మార్చి 8న జపాన్ సుప్రీంకోర్టు కూడా అతని వైపే తీర్పు ఇచ్చింది. అతని కారణం విశ్వాసపు మూలానికి సంబంధించినది, నష్టమేమో చాలా పెద్దది, మరో మార్గం ఉందేమో సరిగ్గా ఆలోచించకుండానే పంపేశారు, అది చట్టవిరుద్ధం అంది. ఒక్కడికి మినహాయింపు ఇస్తే క్రమం చెడిపోతుందని కాలేజీ భయం. కోర్టు ఆ భయాన్ని నమ్మలేదు. ఈ కథలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఆ తిప్పి పంపిన రిపోర్టే. తనవంతు శ్రమ చేస్తానని చెయ్యి చాపిన పిల్లవాడి చేతిలోని కాగితం తీసుకోవడానికి ఎవరికీ ఏ ఖర్చూ లేదు కదా!

కాలేజీవాళ్ళ ఆ మొండితనం ఊరికే రాలేదు. వరి పండించే పల్లెల్లో కాలవ నీళ్ళు అందరూ పంచుకోవాలి, నాట్లు అందరూ కలిసి వెయ్యాలి. ఒకరు అడ్డం తిరిగితే ఊరంతటికీ ఇబ్బందే. అందుకే మన ఊళ్ళలో వెలివేసినట్టు అక్కడా వెలివేసేవాళ్ళు. దాన్ని మురహచిబు అంటారు. ఇల్లు తగలబడినా, చావు జరిగినా మాత్రమే ఆ ఇంటికి సాయం వెళ్ళేవాళ్ళు. మిగతా వాటన్నిటికీ దూరమే.

క్రీ.శ. 604లో షోతోకు యువరాజు రాశాడని చెప్పే 17 సూత్రాల శాసనం కూడా సామరస్యానికి విలువ ఇవ్వమనే మొదలవుతుంది. ఈ ఒక్క మాటనే అందరూ చెబుతారు. పదో సూత్రం చదవండి. ఎదుటివారు మనతో విభేదిస్తే కోపగించుకోవద్దు, ప్రతి మనిషికీ మనసుంటుంది, మనమే జ్ఞానులం వాళ్ళు మూర్ఖులు అనుకోనక్కర్లేదు అని ఉంటుంది. పదిహేడోది, పెద్ద విషయాలు ఒక్కరే తేల్చకూడదు, పలువురితో చర్చించాలి అంటుంది. కాబట్టి నోరు మూయించడమే జపాన్ సంప్రదాయం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

నోరు మూయించిన రోజులూ ఉన్నాయి. 1891 జనవరిలో టోక్యోలో ఉచిమురా కాంజో అనే క్రైస్తవ ఉపాధ్యాయుడు, చక్రవర్తి సంతకం ఉన్న విద్యాశాసనం ముందు అందరిలా పూర్తిగా వంగలేదు. దేశమంతా గోల చేసి ఉద్యోగం పోగొట్టారు. ఆయనకు దేశమంటే ప్రాణం. ఆ తర్వాత రష్యాతో యుద్ధం వద్దని చెప్పిన కొద్దిమందిలో ఆయనా ఉన్నారు. 1947లో అమలుకు వచ్చిన రాజ్యాంగంలో 19వ అధికరణం ఆలోచనకూ, మనస్సాక్షికీ భంగం కలిగించరాదని రాసింది.

ఇలాంటిదే మన దేశంలోనూ జరిగింది. కోబె అబ్బాయిలాగే యెహోవా సాక్షులకు చెందిన ముగ్గురు కేరళ పిల్లలు జాతీయగీతానికి గౌరవంగా నిలబడ్డారు కానీ పాడలేదు. బడి నుంచి పంపేశారు. 1986 ఆగస్టులో మన సుప్రీంకోర్టు వాళ్ళను తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసిన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి గారు మన తెలుగువారు. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుందని, దాన్ని పలచన చెయ్యొద్దని రాశారు.

టోక్యోలో అయితే 2003 నుంచి స్కూలు వేడుకల్లో టీచర్లు లేచి నిలబడి జాతీయగీతం పాడాలని ఆదేశం ఉంది. యుద్ధకాలం గుర్తొచ్చి కూర్చుండిపోయిన వందల మందిపై చర్యలు తీసుకున్నారు. 2011లో సుప్రీంకోర్టు, ఇది మనస్సాక్షిపై పరోక్షంగా ఒత్తిడే కానీ ఆదేశం చెల్లుతుందంది. జీతం కోసేముందు మాత్రం జాగ్రత్తగా ఆలోచించాలని 2012లో చెప్పింది. కోబె అబ్బాయికి దొరికిన చోటు ఈ టీచర్లకూ దొరకాలని నా అభిప్రాయం. టీచరు ప్రభుత్వోద్యోగి కాబట్టి విషయం వేరని మీ నాన్న వాదిస్తాడు. అందులోనూ కొంత నిజం ఉంది. ఇద్దరి మాటా విని, మీకేమనిపిస్తుందో ఎవరికి వాళ్ళు విడివిడిగా రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య