సైకిల్ మీద మనకున్న అపోహలు: షాపులో విన్నవి, రోడ్డు మీద చూసినవి

విజయవాడలో సైకిళ్ళు బాగుచేయడం నా పని. ఇంటి నుంచి షాపుకీ, షాపు నుంచి సామాను కోసం వన్‌టౌన్‌కీ తిరిగేది కూడా సైకిల్ మీదే. అందుకని రిపేరు గురించి జనం అనుకునేవీ, రోడ్డు మీద బళ్ళవాళ్ళు అనుకునేవీ రెండూ నా చెవిన పడుతుంటాయి. రెంటికీ మూలం ఒకటే: సైకిల్‌ని ఎవరూ వాహనంగా లెక్కలో వేసుకోరు. కార్లవాళ్ళే కాదు, తొక్కేవాళ్ళలోనూ చాలామంది వేసుకోరు. బైకుకి తేదీ చూసి సర్వీసు చేయించే మనిషే, సైకిల్ చైన్ తెగేదాకా మా షాపు వైపు రాడు.

అపోహ: సైకిల్ వాళ్ళు ట్యాక్సు కట్టరు, రోడ్డు మీద వాళ్ళకి హక్కేమిటి?

ఇది నాకు మొహం మీదే అన్న మాట. బండి కొన్నప్పుడు కట్టే లైఫ్ ట్యాక్సు రాష్ట్ర ఖజానాకి పోతుంది. మనం రోజూ తిరిగే వీధి రోడ్లు చాలావరకు మునిసిపాలిటీ, పంచాయతీ డబ్బుతో పడతాయి. అందులో ఇంటిపన్ను ఉంది, అది సైకిల్ తొక్కేవాడూ కడతాడు. సైకిల్ కొన్నా జీఎస్టీ పడుతుంది. 2025 సెప్టెంబరు 21 దాకా 12 శాతం ఉండేది, ఇప్పుడు 5 శాతం. ఇక రోడ్డు గుంటలు పడేది లోడు లారీల ఇరుసు బరువుకి, సైకిల్ చక్రానికి కాదు.

సైకిల్‌కి లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కర్లేకపోవడానికి కారణం 1988 మోటారు వాహనాల చట్టం వాటిని మోటారున్న బళ్ళకే పెట్టడం. అంతమాత్రాన రోడ్డు మోటార్లదే అని ఎక్కడా రాసి లేదు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో నూటికి 45 ఇళ్ళలో సైకిల్ ఉంది, స్కూటరో మోటార్‌సైకిలో ఉన్నవి 21. తెల్లారకముందే పాలూ పేపరూ వేసేవాళ్ళు, డ్యూటీ దిగి ఇంటికెళ్ళే వాచ్‌మన్లు, బడికెళ్ళే పిల్లలు ఇప్పటికీ సైకిళ్ళ మీదే ఉన్నారు. వీళ్ళంతా రోడ్డుకి అడ్డం పడుతున్నవాళ్ళు కాదు, పని మీద వెళ్తున్నవాళ్ళు.

అపోహ: గాలి దిగిందంటే పంక్చరే

చాలాసార్లు కాదు. నల్ల సైకిళ్ళ ట్యూబుకి ఉండే పాతరకం వాల్వు లోపల సన్నటి రబ్బరు గొట్టం ఉంటుంది, వాల్‌ట్యూబు అంటాం. ఎండలకి అది మెత్తబడి చిట్లుతుంది. రాత్రి గాలి కొట్టిన టైరు తెల్లారేసరికి దిగిపోయి ఉంటే ముందు వాల్వు మీద కాస్త నీళ్ళు పెట్టి చూడండి. బుడగ వస్తే చక్రం విప్పే పనే లేదు, ఆ చిన్న గొట్టం మారిస్తే సరిపోతుంది.

నిజంగా పంక్చరే అయితే చిల్లు ఎక్కడ పడిందో చూస్తే కారణం తెలిసిపోతుంది. పక్కపక్కన రెండు చిల్లులుంటే గాలి తక్కువగా పెట్టుకుని గుంటలో దించారన్నమాట. టైరుకీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి అలా పడతాయి. రిమ్ము వైపు ఒక్క చిల్లు ఉంటే లోపల చువ్వ కొన పొడుచుకొచ్చింది, లేదా రిమ్ము మీద పట్టీ పక్కకి జరిగింది. బయటివైపు చిల్లయితే పల్లేరు ముల్లో, సర్కారు తుమ్మ ముల్లో, పేలిన లారీ టైరు నుంచి రాలిన సన్నటి ఇనప తీగో కారణం. హైవే పక్కన తొక్కేవాళ్ళకి ఈ తీగ బెడద ఎక్కువ. ట్యూబుకి ప్యాచ్ వేసి, టైరు లోపల వేలితో మెల్లగా తడిమి చూడకుండా ఎక్కించేస్తే అదే ముల్లు సాయంత్రానికి మళ్ళీ గుచ్చుతుంది. అప్పుడు జనం ప్యాచ్ బాగోలేదంటారు.

సొల్యూషన్ (ప్యాచ్ అంటించే జిగురు) తడిగా ఉండగానే ప్యాచ్ అంటిస్తే గట్టిగా పట్టుకుంటుందనుకోవడం కూడా పొరపాటే. ట్యూబు గీకి, సొల్యూషన్ పల్చగా రాసి, తడి మెరుపు పోయేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. అప్పుడు నొక్కి పెడితే ఊడదు. మా దగ్గర "త్వరగా కానివ్వండి" అని నిలబడేవాళ్ళని ఈ ఒక్కచోట మాత్రం ఆపుతాను.

ఇంకోటి, పెట్రోలు బంకులో కంప్రెసర్‌తో కార్లకి కొట్టినట్టు సైకిల్‌కి గాలి కొట్టొద్దు. సైకిల్ ట్యూబులో చోటు చాలా తక్కువ, చూస్తుండగానే పగిలిపోతుంది. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే అచ్చుగుద్ది ఉంటుంది. పంక్చరు లేకపోయినా రబ్బరులోంచి గాలి కొద్దికొద్దిగా పోతూనే ఉంటుంది కాబట్టి వారానికోసారి కొట్టుకోవాల్సిందే.

అపోహ: 26 అంటే 26, ఏ టైరైనా పడుతుంది

పడదు. 26 × 1 3/8 అని రాసున్న టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 590 మిల్లీమీటర్లు. లావు టైర్ల సైకిళ్ళకి వచ్చే 26 × 2.1 లాంటిది కూర్చునేది 559 రిమ్ము మీద. రెండూ 26 ఏ, కానీ ఒకదానికొకటి ఎక్కవు. ఇక 700సి, 29 అని వేరువేరుగా అమ్మే టైర్లు రెండూ 622 మీదే కూర్చుంటాయి, తేడా లావులోనే. ఆన్‌లైన్‌లో టైరు కొనేముందు అంగుళాలు కాదు, 37-590, 54-559 అని ఉండే చిన్న అంకెలు చూసుకోండి. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము కొలత.

అపోహ: చైన్‌కి ఎంత ఆయిల్ పోస్తే అంత మంచిది

సైకిల్ ఆయుష్షు తగ్గించడంలో దీన్ని మించిన అలవాటు నేను చూడలేదు. బైకు మెకానిక్ దగ్గర మిగిలిన నల్ల ఇంజనాయిల్ తెచ్చి చైన్ కారేలా పోస్తారు. అందులో ఇంజను అరిగిన సన్నటి లోహం పొడి కలిసి ఉంటుంది. పైగా చైన్ బయట నిలిచిన జిడ్డుకి రోడ్డు దుమ్మంతా అంటుకుంటుంది. జిడ్డూ దుమ్మూ కలిస్తే గరుకు కాగితంలా పళ్ళని అరగదీస్తాయి.

ఆయిల్ కావాల్సింది చైన్ బయట కాదు, రోలర్ల లోపల. గుడ్డతో చైన్ తుడిచి, ఒక్కో జాయింటు మీద ఒక్కో చుక్క వేసి, పెడల్ వెనక్కి కాసేపు తిప్పి, మళ్ళీ పొడిగుడ్డతో పైన ఉన్నదంతా తుడిచేయాలి. ఆ చివరి తుడవడమే అందరూ వదిలేస్తారు. కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడుతుంది, వద్దు. తుప్పు వదిలించే స్ప్రేలు తుప్పు వదిలించడానికే. చైన్‌లో ఉన్న ఆయిల్‌ని కూడా కడిగేసి వారంలోగా కీచుమనిపిస్తాయి.

చైన్ మార్చాలా వద్దా అన్నది మెకానిక్ నోటి మాట మీద నమ్మక్కర్లేదు. ఇంట్లో అంగుళాల టేపుంటే చాలు. కొత్త చైన్‌లో ఒక పిన్ను నుంచి 24 జాయింట్లు లెక్కపెడితే సరిగ్గా 12 అంగుళాలొస్తుంది. పాతదాన్ని బిగువుగా పట్టి కొలిస్తే అంగుళంలో పదహారో వంతు పెరిగి ఉంటే చైన్ మార్చండి, ఫ్రీవీలు (వెనక చక్రానికుండే పళ్ళ చక్రం) బతుకుతుంది. ఎనిమిదో వంతు పెరిగేదాకా తొక్కితే చైన్‌తోపాటు ఫ్రీవీలూ మార్చాలి, లేకపోతే కొత్త చైన్ అరిగిన పళ్ళ మీద జారుతుంది.

పనిలో పనిగా: ఎడమ పెడల్‌ది రివర్స్ త్రెడ్డు. ఇంట్లో విప్పుదామని స్పానర్ వేసి బలంగా బిగించేసి, క్రాంకు (పెడల్ బిగించే ఇనప చెయ్యి) పాడుచేసుకుని వచ్చేవాళ్ళు చాలామంది. కుడి పెడల్ మామూలుగా విప్పండి, ఎడమది అందుకు ఎదురు తిప్పండి.

అపోహ: ముందు బ్రేకు పడితే తలకిందులవుతాం

ఈ భయంతో ముందు బ్రేకు రబ్బర్లు అరిగిపోయినా పట్టించుకోని సైకిళ్ళు బోలెడు. ఆపేటప్పుడు బరువంతా ముందుకి వస్తుంది. అప్పుడు నేలని పట్టుకునేది ముందు చక్రమే, వెనకది తేలికై జారుతుంది. ఒక్క వెనక బ్రేకుతోనే ఆగాలంటే చాలా దూరం పడుతుంది. మన సైకిళ్ళకి మామూలుగా కుడిచేతి బ్రేకు ముందుది. రెండూ కలిపి, ముందుది క్రమంగా గట్టిగా పట్టడం ఖాళీ స్థలంలో నేర్చుకోవాలి. ఇసక మీదా, మలుపులోనూ మాత్రం మెల్లగా. వానలో రిమ్ము తడిసి ఉంటే మొదటి రెండు మూడు చుట్లు బ్రేకు నీళ్ళు తుడవడానికే సరిపోతాయి, కాబట్టి ముందే పట్టుకోండి.

అపోహ: సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి

నేర్చుకునే పిల్లలకి సరే. రోజూ తొక్కే పెద్దవాళ్ళకి అది మోకాళ్ళ నొప్పి. పెడల్ అడుక్కి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి, సీటు ఎత్తు అదే. ఆగినప్పుడు సీటు దిగి నిలబడాలి. "నలభై దాటాక సైకిల్ మోకాళ్ళకి పడదు" అన్నవాళ్ళకి చాలామందికి నేను చేసింది సీటు రెండంగుళాలు పైకి లేపడమే.

అపోహ: రోడ్డు అంచునే, వీలైతే ఎదురుగా తొక్కడం క్షేమం

రెండు వేరువేరు తప్పులివి. ఎదురుగా వచ్చే బళ్ళు కనపడతాయి కదా అని కుడివైపు తొక్కుతారు. నడిచేవాళ్ళకి అది మంచిదే. సైకిల్‌కి కాదు. మీరు గంటకి 15 కిలోమీటర్లు, కారు 50 అనుకోండి. ఒకే దిశలో వెళ్తుంటే కారు మిమ్మల్ని సమీపించేది 35 వేగంతో. ఎదురెదురైతే 65. చూసి సర్దుకోవడానికి డ్రైవరుకి దొరికే సమయం సగానికి పడిపోతుంది. పైగా సందులోంచి ఎడమకి తిరిగేవాడు కుడివైపు నుంచి వచ్చే బళ్ళనే చూస్తాడు. ఎడమ నుంచి మీరొస్తారని వాడికి తెలియదు.

ఇక అంచు. బందరు రోడ్డుకో ఏలూరు రోడ్డుకో వెళ్ళి చూడండి, ఆ అంచున ఏముంటుందో: ఇసక, డ్రైను మూతలు, ఆగిన ఆటోలు, ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియని కారు తలుపులు. అంచుకి అతుక్కుని పోతుంటే గుంట రాగానే ఉన్నట్టుండి కుడికి రావాలి. వెనకవాడికి అది హఠాత్తుగా అడ్డురావడమే. అంచుకి చెయ్యి చాపినంత దూరం వదిలి, గీత గీసినట్టు నేరుగా తొక్కితే డ్రైవరుకి మీరు ముందునుంచే కనపడతారు. ఆగిన కార్ల పక్కనైతే తలుపు వెడల్పు వదలాలి. కార్లవాళ్ళకి నా మనవి: డ్రైవరు సీటు తలుపుని ఎడమచేత్తో తెరవండి. ఒళ్ళు కుడికి తిరుగుతుంది, కళ్ళు వెనక్కి పోతాయి, వచ్చే సైకిల్ కనపడుతుంది.

సిగ్నల్ దగ్గర లారీకి, బస్సుకి ఎడమ పక్కన సందు ఉంది కదా అని దూరొద్దు. క్యాబిన్‌లో కూర్చున్న మనిషికి ఆ మూల కనపడదు. నమ్మకం లేకపోతే ఆటోనగర్‌లో ఆగిన ఏ లారీ డ్రైవరునైనా అడిగి, ఒకసారి ఆ సీటులో కూర్చుని చూడండి.

అపోహ: హారన్ కొట్టాను కదా, ఇంకేం చేయాలి?

వెనక నుంచి ఒక్కసారిగా గట్టిగా కొడితే తొక్కే మనిషి ఉలిక్కిపడి వెనక్కి చూస్తాడు. కుడి భుజం మీదుగా చూస్తే హ్యాండిల్ కూడా కుడికే లాగుతుంది, అంటే మీ బండి ముందుకే. దూరం నుంచి చిన్నగా ఒకసారి కొడితే చాలు. చెవులు చిల్లులు పడే రకరకాల మోతల హారన్లని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే నిషేధించాయి.

హారన్ కన్నా ముఖ్యమైనది సైకిల్‌కీ బండికీ మధ్య వదిలే దూరం. జర్మనీలో 2020 నుంచి ఊళ్ళో సైకిల్‌ని దాటాలంటే మీటరున్నర, ఊరి బయట రెండు మీటర్లు వదలాలని నిబంధన. ఎదుటి నుంచి బండి వస్తుంటే, అంత చోటు లేకపోతే, రెండు క్షణాలు వెనక ఆగండి. దాటగానే ఎడమకి తిరిగిపోవడం మానండి. మా దగ్గరికి వచ్చే వంకర ముందు చక్రాల్లో ఎక్కువ వాటికి కారణం ఇదే.

అపోహ: సైకిల్ ట్రాక్ వేశారుగా, ఇంకా రోడ్డు మీదెందుకు?

హైదరాబాద్‌లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్ 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. పైన సోలార్ పలకల నీడ, మంచి పని. వ్యాయామానికి బాగుంటుంది. కానీ ఇంటి నుంచి పనికి వెళ్ళేవాడి దారి అందులో లేదు. వాడి దారి మామూలు రోడ్డే.

అపోహ: గుద్ది వెళ్ళిపోతే ఇక దిక్కు లేదు

ఉంది. చాలా కుటుంబాలకి తెలియక వదిలేస్తున్నారు, అదే నా బాధ. సైకిల్‌కి ఇన్సూరెన్సు ఉండదు, కానీ గుద్దిన బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. దాని నుంచి పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దరఖాస్తు పెట్టాలని మోటారు వాహనాల చట్టంలో ఉంది కాబట్టి ఆలస్యం చేయొద్దు. బండి ఎవరిదో తెలియకపోయినా, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పథకం కింద చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు వస్తుంది. ఎఫ్‌ఐఆర్, ఆస్పత్రి కాగితాలు జాగ్రత్త చేసి రెవెన్యూ అధికారులకి దరఖాస్తు ఇవ్వాలి. పడిపోయినవాణ్ణి ఆస్పత్రికి చేర్చినవాళ్ళని కేసులో ఇరికించకుండా అదే చట్టం 134ఎ సెక్షన్ కాపాడుతుంది.

సైకిల్ తొక్కేవాడికి హెల్మెట్ చట్టం ప్రకారం తప్పనిసరి కాదు. నేను పెట్టుకుంటాను, పిల్లలకి తప్పక పెట్టమంటాను. జారి పడినప్పుడు తల కాపాడుతుంది. లారీ గుద్దినప్పుడు కాపాడుతుందని మాత్రం ఎవరికీ చెప్పను.

అపోహ: వీధి దీపాలున్నాయి, సైకిల్‌కి లైటెందుకు?

ఒకప్పుడు డైనమో లైటు లేకుండా రాత్రిపూట తొక్కితే పోలీసులు ఆపేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ ఆపరు, దాంతో లైటే పోయింది. మడ్‌గార్డు మీద రిఫ్లెక్టరు హెడ్‌లైటు నేరుగా పడితేనే మెరుస్తుంది. పక్క సందులోంచి వచ్చేవాడికి అది లేనట్టే. వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు రెండూ కావాలి. ఒకటే కొనగలిగితే వెనకదే కొనండి.

కార్లవాళ్ళలో దీనికి జోడీ అపోహ ఒకటుంది, ఎదురొచ్చేది సైకిలే కదా, డిప్పర్ ఎందుకని. కృష్ణ కరకట్ట మీద రాత్రి తొక్కి చూస్తే తెలుస్తుంది. హై బీమ్ కళ్ళలో పడ్డాక బండి దాటిపోయినా కొన్ని క్షణాలు ఏమీ కనపడదు, పక్కన చూస్తే వాలు. సైకిల్ మెరుపు కనపడగానే లైటు దించండి, అది మిమ్మల్ని పూర్తిగా దాటేదాకా పైకి లేపకండి.