ఎంబీఏ సీటు దగ్గర తేలే సరిహద్దు: గంజాం తెలుగువాళ్లు ఎక్కడ లోకల్?

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ తెలుగు ఇళ్లలో పిల్లలు డిగ్రీ ఆఖరి ఏడాదికి వస్తే ఈ చర్చ మొదలవుతుంది: ఎంబీఏకి ఒడిశా ప్రవేశపరీక్ష ఒడిశా జేఈఈ రాయాలా, ఆంధ్రా ప్రవేశపరీక్ష ఐసెట్ రాయాలా? చాలామంది రెండింటికీ దరఖాస్తు పెడతారు. ర్యాంకు వచ్చి, కౌన్సెలింగ్‌లో స్టడీ సర్టిఫికెట్లు చూపించమన్నప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, కోరాపుట్ ప్రాంతాలు అటు వెళ్లాయి. పర్లాకిమిడి జమీందారీని రెండుగా కోశారు. పట్టణం ఒరిస్సాకు పోయింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసులో మిగిలింది. చదువులు మాత్రం ఇంకొన్నాళ్లు పాత దారినే నడిచాయి. దక్షిణ ఒరిస్సా కాలేజీలు ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందే ఉండేవి, 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయం వచ్చాక దాని పరిధిలోకి మారాయి. 1957లో ఆంధ్ర వర్సిటీ ఎంబీఏ మొదలుపెట్టేసరికి బరంపురం దాని చేయి దాటిపోయింది. దేశంలోని తొలి ఎంబీఏ కోర్సుల్లో అదొకటి. 1967లో బరంపురానికి సొంత విశ్వవిద్యాలయం వచ్చింది.

అప్పటికి ఇది పరిపాలనా విభజనే. సీట్ల విభజన తర్వాత వచ్చింది. 1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాలు చల్లారాక ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371-డి అధికరణం, దాని కింద 1974 రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. ఏ ప్రాంతం కాలేజీల్లో 85 శాతం సీట్లు ఆ ప్రాంతంలో చదివిన 'లోకల్' వాళ్లకే అన్నారు. ఆంధ్ర, తెలంగాణ తగాదా తీర్చడానికి పుట్టిన నిబంధన, ఆ తగాదాతో ఏ సంబంధమూ లేని గంజాం తెలుగువాణ్ణి గుమ్మం బయట నిలబెట్టింది. అప్పుడు వాళ్లను గుర్తుపెట్టుకున్నవారెవరూ ఉన్నట్టు కనపడదు.

ఈ నిబంధనలో చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. లోకల్ కావాలంటే అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు అక్కడ చదివుండాలి. ఎంబీఏకి అర్హత పరీక్ష డిగ్రీ. శ్రీకాకుళంలో మూడేళ్ల డిగ్రీ చదివితే చాలుననుకుంటే ఒక ఏడాది తక్కువ పడుతుంది. ఇంటర్‌కే విశాఖ హాస్టల్లో వేసి, డిగ్రీ కూడా అక్కడే చదివించినవాళ్ల పిల్లలు లోకల్ అవుతారు. అంటే పదో తరగతి అయిన వెంటనే తీసుకున్న నిర్ణయం ఐదేళ్ల తర్వాత ఎంబీఏ కౌన్సెలింగ్‌లో బయటపడుతుంది. మిగతా 15 శాతంలో పోటీ పడాలన్నా తల్లిదండ్రుల్లో ఒకరు పదేళ్లు ఆంధ్రాలో నివాసముండటం లాంటి షరతులున్నాయి. ఇవేవీ కుదరకపోతే ప్రైవేటు కాలేజీల మేనేజ్‌మెంట్ కోటాయే దిక్కు. అన్నట్టు, ఐసెట్ ప్రశ్నలు తెలుగులోనూ ఇస్తారు గానీ, ఒడియా మీడియంలో చదివిన మన పిల్లల్లో తెలుగు మాట్లాడేవాళ్లే ఎక్కువ, చదవగలిగేవాళ్లు తక్కువ.

ఒడిశా వైపు దారి సాఫీ. వృత్తివిద్య ప్రవేశాలు, ఫీజులపై అక్కడ 2007లో చట్టం చేశారు. తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం ఉంటే మాతృభాష ఏదని ఎవరూ అడగరు. పర్లాకిమిడిలోనే 2010 నుంచి ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం నడుస్తోంది.

ఈ లోకల్ గొడవ లేనిది ఐఐఎంల (కేంద్ర మేనేజ్‌మెంట్ విద్యాసంస్థల) ప్రవేశపరీక్ష క్యాట్‌కే. 1961లో కలకత్తా, అహ్మదాబాదులతో మొదలైన ఐఐఎంలు 2015లో సంబల్‌పూర్‌కూ విశాఖకూ వచ్చాయి. విశాఖ ఐఐఎంలో విశాఖ కుర్రాడికీ బరంపురం కుర్రాడికీ తేడా లేదు, రాష్ట్ర కోటా అన్నదే లేదు. విశాఖ కాలేజీలో నాన్‌లోకల్ అయిన పిల్లకు అదే ఊళ్లో ఐఐఎం తలుపు తెరిచే ఉంటుంది. పర్సంటైల్‌తో పాటు పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు, ఇంటర్వ్యూ కూడా చూస్తారు, అది వేరే సంగతి.

అక్కడా కులం కాలమ్ దగ్గర జాగ్రత్త పడాలి. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు, ఆంధ్రాలో ఉన్న ఎస్టీ హోదా మహారాష్ట్రకు వెంట రాదని తేల్చింది. చంద్రశేఖరరావు కుటుంబం తండ్రి ఉద్యోగం వల్ల తెనాలి నుంచి బొంబాయి వెళ్లింది. ఓబీసీలకూ కేంద్ర జాబితా రాష్ట్రాలవారీగానే ఉంటుంది. కాబట్టి శ్రీకాకుళంలో ఉన్న మేనమామ సర్టిఫికెట్ చూసి క్యాట్ ఫారంలో ఓబీసీ అని టిక్కు పెట్టేయకూడదు. ఒడిశా పేరు కింద ఉన్న కేంద్ర జాబితాలో తమ కులం ఉందో లేదో ముందే చూసుకోవాలి. లేకపోతే ఇంటర్వ్యూ దాకా వెళ్లి సర్టిఫికెట్ల పరిశీలనలో ఆగిపోయే ప్రమాదముంది.