అపోహలు - వాస్తవాలు: మసకగా కనిపిస్తే పేలుడు బలహీనమా?

ఈ నెలలో ఇది మూడో మెయిల్. "సార్, సూపర్‌నోవా 1987ఏ (1987లో పక్క గెలాక్సీలో కనిపించిన నక్షత్ర పేలుడు) వెలుగు మామూలు టైప్ 2 (భారీ నక్షత్రాల పేలుళ్లలో ఒక రకం) కంటే తక్కువ కదా, అందుకని మోడల్లో పేలుడు శక్తి తగ్గించాను. వెలుగు కర్వ్ కాస్త దగ్గరికొచ్చింది గానీ వాయువు వేగాలు కుదరట్లేదు." రాసింది పీహెచ్‌డీ రెండో ఏడాది అమ్మాయి. ఆ అలసట నాకు తెలుసు. నేనూ అక్కడే ఎనిమిది నెలలు ఇరుక్కున్నాను.

అపోహ: వెలుగు తక్కువంటే పేలుడు బలహీనం.

కాదమ్మా, శక్తి జోలికి పోవద్దు. 1987ఏ శక్తి 10⁵¹ ఎర్గ్‌లకు (శక్తికి కొలమానం) కాస్త ఎక్కువే. రెడ్ సూపర్‌జెయింట్ (బాగా ఉబ్బిన ఎర్ర నక్షత్రం) పేలినా దాదాపు అంతే. తేడా అంతా సైజులో ఉంది. పేలిన శాండులీక్ -69 202 వ్యాసార్థం సూర్యుడికి సుమారు 40-50 రెట్లు, రెడ్ సూపర్‌జెయింట్లది వందల రెట్లు. షాక్ (పేలుడు అల) ఇచ్చిన వేడి బయటపడాలంటే పైపొరలు పలచబడాలి. అంత చిన్న గోళం అంతగా ఉబ్బేలోపు ఆ వేడిలో ఎక్కువ భాగం వ్యాకోచానికే ఖర్చయిపోతుంది. ఆ వేడి వాయువు వేగాన్ని పెంచడానికే పోయింది. మొదటి రోజుల్లో హైడ్రోజన్ రేఖలు (వాయువు వేగం చెప్పే వర్ణపట గీతలు) సెకనుకు 15,000 కిలోమీటర్ల పైనే చూపించాయి. సైజు చిన్నదనడానికి ఇంకో సాక్ష్యం: న్యూట్రినోలు (నక్షత్రం కేంద్రం కూలినప్పుడు వెలువడే కణాలు) వచ్చిన మూడు గంటలకే ఫొటోలో వెలుగు పడింది. అదే రెడ్ సూపర్‌జెయింట్ అయితే షాక్ ఉపరితలం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది.

మరి మే నెలలో వచ్చిన ఆ గోపురం లాంటి పీక్? అది ముఖ్యంగా పేలుడులో పుట్టిన రేడియోధార్మిక నికెల్ నుంచి వచ్చిన కోబాల్ట్-56 వెలుగు. అందుకే వరస మార్చండి: టెయిల్‌ (పీక్ తర్వాత నెమ్మదిగా తగ్గే భాగం) చూసి నికెల్ ఎంతో ఖాయం చేయండి (ఇక్కడ 0.07 సూర్య ద్రవ్యరాశులు), వేగాలు చూసి శక్తి, ఆ తర్వాతే వ్యాసార్థం, మిక్సింగ్ (నికెల్ పైపొరల్లో ఎంత కలిసిందన్నది). నికెల్‌ని కేంద్రంలోనే ఉంచితే గోపురం నునుపుగా రాదు. అది పైకి కలిసిందనడానికి 1987 ఆగస్టులోనే కనిపించిన ఎక్స్‌రేలే సాక్ష్యం. ఎనిమిది నెలల తర్వాత మా గైడ్ నా ప్లాట్ చూసి అడిగింది ఒక్కటే: "హెచ్-ఆల్ఫా వేగమెంత?" హైడ్రోజన్ రేఖ చెప్పే ఆ వేగాన్ని నేనసలు సరిచూడనే లేదు. ఆ రాత్రే శక్తిని మళ్లీ పెంచాను.

అపోహ: బ్లూ సూపర్‌జెయింట్లు (శాండులీక్ లాంటి వేడి నీలి నక్షత్రాలు) పేలవు. 1987 ఫిబ్రవరి 23తో ఆ మాట చెల్లిపోయింది. ఎందుకు నీలంగా ఉండగానే పేలిందంటే, దాదాపు 20,000 ఏళ్ల కిందట రెండు నక్షత్రాలు కలిసిపోయాయన్నదే నాకు బలమైన వివరణగా కనిపిస్తుంది. చుట్టూ ఉన్న మూడు వలయాలూ దానికి సరిపోతాయి.

అపోహ: రైజెల్ (ఇదీ ఒక బ్లూ సూపర్‌జెయింట్) పేలితే భూమి అంతం. ఈ వీడియోలు చేసేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. 2020లో ఆర్ద్ర నక్షత్రం మసకబారినప్పుడు మా పిన్ని ఫోన్ చేసింది: "నాన్నా, మనవరాలు నిద్రపోవట్లేదురా." పాపతో చాలాసేపు మాట్లాడాను. ఆర్ద్రను కమ్మింది ధూళి అమ్మా, అన్నాను. రైజెల్ సుమారు 860 కాంతి సంవత్సరాల దూరం, ప్రమాదం పదుల కాంతి సంవత్సరాల లోపే. అది పేలిన రోజున మనం డాబా మీద నిలబడి పగలే చూడొచ్చని చెప్పాను. "నన్ను లేపుతావా?" అనడిగింది.