మూసీ ఒడ్డున బస్తీలు ఎలా వెలిశాయి? మలుపు 1908 కాదు, 1927

హైదరాబాద్‌లో మూసీ ఒడ్డు ఇళ్ల పంచాయితీ సద్దుమణిగిందనుకున్న ప్రతిసారీ మళ్లీ రాజుకుంటోంది. 2024 సెప్టెంబరు చివర్లో చాదర్‌ఘాట్ పరిసరాల్లోని మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల్లో ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో ‘ఆర్‌బీ ఎక్స్’ అని రాశారు, ఇల్లు నదీగర్భంలో (రివర్ బెడ్) ఉందని గుర్తుగా. అక్టోబరు మొదట్లో ఖాళీ అయిన ఇళ్లను కూల్చడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి, 2025 సెప్టెంబరు చివరి వారంలో, ఎగువన ఉన్న ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గేట్లు ఎత్తితే మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) ప్రాంగణంలోకి నీళ్లొచ్చాయి. రాత్రికి రాత్రి ప్రయాణికులను బయటికి తీసుకురావాల్సి వచ్చింది. దాంతో పాత ప్రశ్న కొత్త కోపంతో ముందుకొచ్చింది: నదిలో ఇల్లు ఎందుకు కట్టుకున్నారు?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు సాధారణంగా 1908 సెప్టెంబరు 28 నాటి వరద దగ్గర మొదలుపెడతారు. ఆ వరద గురించి, అఫ్జల్‌గంజ్ చింతచెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నవాళ్ల గురించి, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించడం గురించి చదువుకోని తెలుగువాళ్లు తక్కువ. కాబట్టి ఆ కథ ఇక్కడ వద్దు. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే వరద వచ్చిన రోజు కాదు, నది ఎండిపోయిన రోజు తెలియాలి.

విశ్వేశ్వరయ్య సలహా ప్రకారం నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే మనం గండిపేట అనేది, 1920 నాటికి పూర్తయింది. ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ 1927కి సిద్ధమైంది. ఈ రెండు పాయలు లంగర్‌హౌజ్ దగ్గర, బాపూఘాట్ వద్ద కలిసి నగరంలోకి వస్తాయి. కలవకముందే రెండింటికీ కట్ట పడింది. ఒకటి సుమారు 3.9 టీఎంసీలు, రెండోది మూడు టీఎంసీలకు కాస్త తక్కువగా పట్టుకుంటుంది. ఉద్దేశం మంచిదే. వరదను ఆపడం, నగరానికి తాగునీరు ఇవ్వడం. రెండూ నెరవేరాయి కూడా. కానీ ఎవరూ లెక్కలోకి తీసుకోని మూడో పని ఒకటి జరిగింది. పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్ దాకా, ఆ కిందికి గోల్నాక, అంబర్‌పేట దాకా నది ఏడాదిలో చాలా నెలలు నీళ్లు లేకుండా పడి ఉండటం మొదలైంది. వెడల్పాటి నదీగర్భంలో సన్నని పాయ, మిగతాదంతా పొడినేల. ఊరి నడిబొడ్డున, మార్కెట్లకు నడిచిపోయేంత దూరంలో, ఎవరూ సాగుచేయని, ఎవరూ కంచె వేయని నేల.

ఈ మలుపు మీద కాస్త ఆగి చెప్పాలి. 1908కి ముందు మూసీ ఒడ్డున ఉన్నవాళ్లు నదిని చూసి ఉన్నారు. దాని ఉప్పెన తెలుసు, దాని పక్కనే బతకడం తెలుసు. 1927 తర్వాత వచ్చినవాళ్లు నదిని చూడలేదు. వాళ్లకు కనిపించింది ఖాళీ జాగా. తాత వచ్చినప్పుడు ఎండి ఉంది, తండ్రి గుడిసెకు రేకులు వేసినప్పుడు ఎండి ఉంది, మనవడు స్లాబు పోసినప్పుడు పక్కన నల్లటి మురుగు పారుతోంది. మూడు తరాల అనుభవం అది. ‘నదిలో కట్టుకున్నారు’ అనే మాట మ్యాపు చూసి అనేది. అక్కడ పుట్టి పెరిగినవాళ్ల కళ్లకు అది ఎప్పుడూ నదిగా కనిపించలేదు.

తొలి రోజుల్లో ప్రభుత్వానికి ఒడ్డు మీద శ్రద్ధ ఉండేది. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు వాడలు తీసేసి, గట్లు కట్టి, తోటలు వేసి ఒడ్డును తీర్చిదిద్దింది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లాంటి గొప్ప కట్టడాలు ఆ గట్ల మీదే లేచాయి. అంటే నదిని అదుపులో పెట్టాం, ఇక ఒడ్డు నివాసయోగ్యమని ముందు నమ్మింది రాజ్యమే. తర్వాత సాలార్‌జంగ్ మ్యూజియం 1968లో ఒడ్డునే కొత్త భవనంలోకి వచ్చింది. మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌నైతే నది రెండు పాయల నడుమ కట్టారు. 2025 వరదలో మునిగింది అదే. బస్తీ జనాన్ని నిలదీసేటప్పుడు ఈ వరస మరిచిపోకూడదు.

ఇక జనం ఎప్పుడొచ్చారు? ఒక్కసారిగా రాలేదు. 1948 పోలీసు చర్య తర్వాత కల్లోలంలో జిల్లాల నుంచి, మరాఠ్వాడా, కన్నడ ప్రాంతాల నుంచి ప్రాణభయంతో రాజధానికి చేరిన ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాక దేవిడీల్లో, అంటే జాగీర్దార్ల భవంతుల్లో, కొలువు పోయినవాళ్లు ఉన్నారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో పాలమూరు కరువు పల్లెల నుంచి వచ్చిన కూలీలు అందరికంటే ఎక్కువ. వచ్చినవాళ్లంతా చూసుకున్నది ఒక్కటే, పని ఎక్కడ దొరుకుతుందని. బేగంబజార్, ఉస్మాన్‌గంజ్‌లలో హమాలీ పని తెల్లవారకముందే మొదలవుతుంది. మలక్‌పేట గంజ్‌లో మిర్చి, ఉల్లి లారీలు అర్ధరాత్రి దిగుతాయి. జియాగూడలో మేకల మండీ ఉంది. కోఠి, సుల్తాన్‌బజార్ వైపు ఇళ్లలో అంట్లు తోమే పని ఉంది. మూసీలో కాస్త మంచినీళ్లు పారిన కాలంలో చాకలిరేవులు ఉండేవి. ఇవన్నీ నదికి అటో ఇటో కిలోమీటరు, రెండు కిలోమీటర్ల లోపే. రోజు కూలి కాబట్టి దూరం పోతే కూలిలో కొంత బస్సుకే పోతుంది. పొద్దున్నే అడ్డా మీదికి ముందు చేరినవాడికి పని, ఆలస్యమైనవాడికి ఆ రోజు పస్తు. ఇంటి స్థలం ఎంచుకోవడం అంటే వాళ్ల దృష్టిలో అడ్డాకు ఎంత దూరమో చూసుకోవడమే.

ఈ బస్తీల్లో గల్లీ రోడ్డు మీద మొదలై నది వైపు దిగుతుంది. పైన రోడ్డుకు దగ్గరగా రెండు, మూడంతస్తుల సిమెంటు ఇళ్లు. మధ్యలో రేకుల ఇళ్లు. చిట్టచివర, మురుగు ఒడ్డున, పాత ఫ్లెక్సీలు, టార్పాలిన్ కప్పిన గదులు. కిందికి దిగేకొద్దీ కిరాయి తగ్గుతుంది, కొత్తగా వచ్చినవాళ్లు పెరుగుతారు. కాస్త నిలదొక్కుకున్నవాళ్లు ఒక మెట్టు పైకి జరుగుతారు, ఖాళీ అయిన గదిలోకి కొత్త కుటుంబం దిగుతుంది. వరదొస్తే ముందు మునిగేది అందరికంటే చివర వచ్చినవాళ్లు, అందరికంటే పేదవాళ్లు. 2020 అక్టోబరులో అదే జరిగింది. 2025లోనూ అదే.

స్థలాలు ఊరికే దొరికాయని అనుకుంటే పొరపాటు. చాలామంది కొనుక్కున్నారు. అమ్మింది స్థానిక పెద్దలు, చోటామోటా నాయకులు. చేతికొచ్చింది రిజిస్ట్రేషన్ కాదు, స్టాంపు కాగితం మీద రాసిన నోటరీ. ఆ తర్వాత సర్కారే ఒక్కో అడుగు ముందుకేసింది. 1967లో హైదరాబాద్‌లో మొదలైన పట్టణ సమాజాభివృద్ధి పథకం, 1980లలో బ్రిటన్ ఆర్థిక సాయంతో నడిచిన మురికివాడల మెరుగుదల పథకం నగరంలోని బస్తీల్లోకి రోడ్లు, నల్లాలు, డ్రైనేజీ తెచ్చాయి. ఇప్పుడు ఎవరిని అడిగినా ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి ముందు పెడతారు. అందులో నోటరీ కాగితం, ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, నల్లా బిల్లు, రేషన్ కార్డు, ఓటరు కార్డు. కొందరి దగ్గర పట్టాలు. నలభై ఏళ్ల కాగితాలు పొరలు పొరలుగా ఉంటాయి. పన్ను కట్టించుకున్నప్పుడు అది ఇల్లు, సర్వే గొలుసు పట్టుకొచ్చినప్పుడు ఆక్రమణ. ఈ రెండూ ఒకే ప్రభుత్వం చెప్పిన మాటలే.

ప్రభుత్వ వాదన కూడా చెప్పాలి. నదికి జాగా కావాలి, వానలు మునుపటిలా లేవు, గంటల్లో కుమ్మరిస్తున్నాయి, మళ్లీ 1908 వస్తే ఆ బస్తీల్లో వేలమంది ప్రాణాలకే ముప్పు. అందుకే రెండు పడక గదుల ఇళ్లు ఇస్తున్నామంటోంది. ముప్పు నిజమే, కాదనలేం. కానీ ముప్పు ఎందుకు పెరిగిందన్న దగ్గర ప్రభుత్వం ఎప్పుడూ ఎగువకు చూడదు.

జలాశయాలను వరద కోసం కట్టినప్పుడు వాటిలో ఖాళీ ఉండాలి, వచ్చిన వరదను పట్టుకోవడానికి. తాగునీటి కోసం వాడేటప్పుడు నిండుగా ఉండాలి. రెండూ ఒకేసారి కుదరవు. నగరం పెరిగేకొద్దీ నిండుగా ఉంచడమే రివాజైంది. వానాకాలం చివర్లో, చెరువు నిండి ఉన్నప్పుడు పెద్ద వాన పడితే మిగిలే దారి ఒక్కటే: ఉస్మాన్‌సాగర్ 15 గేట్లు, హిమాయత్‌సాగర్ 17 గేట్లలో కావలసినన్ని ఎత్తి కిందికి వదలడం. దశాబ్దాలుగా ఎండిన నేలను చూసి స్థిరపడ్డవాళ్ల మీదికి ఆ నీళ్లు గంటల్లో వచ్చిపడతాయి.

ఎగువన ఇంకో కథ ఉంది. జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్యం, భారీ కట్టడాలు రాకుండా 1996 మార్చి 8న జీవో 111 ఇచ్చారు. 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. అయినా ఫాంహౌస్‌లు లేచాయి, గోడలు లేచాయి, వాగులు కుంచించుకుపోయాయి. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలే సడలించారు. గండిపేట అందం చూసుకుని, నీటి పక్కన ప్రశాంతంగా ఉండాలని అక్కడ ఇల్లు ఎంచుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లది ఎంపిక. చాదర్‌ఘాట్ కింద చివరి గదిలో దిగినవాళ్లకు ఎంచుకోవడానికి మరో చోటు లేదు. 2024 జులైలో ఆక్రమణల తొలగింపు కోసం వచ్చిన ప్రభుత్వ సంస్థ హైడ్రా మొదట్లో పెద్దవాళ్ల కట్టడాల మీదికీ వెళ్లిన మాట నిజం. కానీ మూసీ దగ్గరికి వచ్చేసరికి ఎర్రరంగు పడింది ఎక్కువగా కూలీల గోడల మీదే.

తొలగించాల్సిన ఇళ్ల ఇప్పటి జాబితా ఎలా తయారైందో చూస్తే కాలం ఎలా తలకిందులైందో తెలుస్తుంది. సుమారు పది వేల కట్టడాలను గుర్తించామన్నారు. అందులో నదీగర్భంలో ఉన్నవి తక్కువ, నది పక్కన కట్టడాలు రాకుండా వదలాల్సిన బఫర్‌జోన్‌లో ఉన్నవే చాలా ఎక్కువ. ఈ బఫర్ కొలత, నగరపాలక సంస్థ పరిధిలో నది అంచు నుంచి 50 మీటర్లు, 2012 ఏప్రిల్‌లో జీవో 168గా వచ్చిన భవన నిర్మాణ నిబంధనల్లోది. అంతకు ఎన్నో ఏళ్ల ముందు కట్టిన ఇంటికి కూడా ఇవాళ అదే గజంబద్ద. 2014 డిసెంబరులో జీవో 58 కింద పేదల ఇళ్లను 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధీకరిస్తామన్నప్పుడు, ‘అభ్యంతరం లేని’ ప్రభుత్వ భూములకే అన్నారు. నది ఒడ్డు ఆ లెక్కలోకి రాలేదు. పక్క బస్తీ వాళ్ల ఇళ్లు పక్కా అయ్యాయి, వీళ్లవి అక్కడే ఆగిపోయాయి.

తరలింపు కూడా కొత్త కాదు. 1990ల చివర నందనవనం పేరుతో మూసీని బాగుచేస్తామని ఒడ్డు మీది కుటుంబాలను కర్మన్‌ఘాట్ వైపు పంపారు. ఇళ్లు మారాయి, పనులు పాత చోటే ఉండిపోయాయి. తోట రాలేదు, నది బాగుపడలేదు. ఆ తర్వాత నగరానికి కృష్ణా నీళ్లు వచ్చాయి, మొదటి దశ 2004లో. వాడిన నీళ్లన్నీ డ్రైనేజీల గుండా వచ్చి కలిశాయి. ఎండిన మూసీ మళ్లీ ఏడాది పొడవునా పారడం మొదలుపెట్టింది, మురుగుతో. దిగువన పీర్జాదిగూడ వైపు ఆ నీళ్లతోనే పారాగడ్డి పెంచి, కోసి, కట్టలు కట్టి నగరంలోని బర్రెల దొడ్లకు అమ్ముకుని బతికేవాళ్లున్నారు. నది బాగుపడితే తమ బతుకేమిటన్నది వాళ్ల ప్రశ్న. దాన్ని ఇంతవరకు ఎవరూ చర్చకు తేలేదు. 2017లో మూసీ రివర్‌ఫ్రంట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పెట్టారు. ఒడ్డుకు అప్పటిదాకా లేని ధర వస్తుందన్న ఆశ మొదలైంది అక్కడి నుంచే.

అందుకే ఇప్పుడు బస్తీల్లో వినిపించే అనుమానం ఒట్టి మొండితనం కాదు. నీళ్లు లేనప్పుడు ఇది ఎవరికీ అక్కరలేని నేల, మురుగు పారినప్పుడు ముక్కు మూసుకుని దాటిపోయే చోటు, ఇప్పుడేమో పార్కులు, నడకదారులు, రోడ్లు వచ్చే చోటు. అందరికీ పనికొచ్చే రోజు వచ్చేసరికి మేమే అడ్డమా అని అడుగుతున్నారు.

ప్రస్తుతం పేచీ మూడు చోట్ల ఆగింది. మొదటిది, నదీగర్భంలో ఉన్నవాళ్లనూ బఫర్‌లో ఉన్నవాళ్లనూ ఒకే గాట కట్టడం. పట్టా, రిజిస్ట్రేషన్ ఉన్న బఫర్ కుటుంబాలు 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం అడుగుతున్నాయి. రెండోది, ఒకే ఇంట్లో మూడంతస్తుల్లో ముగ్గురు అన్నదమ్ముల కుటుంబాలు ఉంటే 560 చదరపు అడుగుల ఇల్లు ఒక్కటి ఎవరికి సరిపోతుందన్నది. అదే ఇంట్లో పదేళ్లుగా కిరాయికున్నవాళ్లను ఎక్కడికి పొమ్మంటారన్నది కూడా అందులోదే. మూడోది దూరం. మలక్‌పేట పిల్లిగుడిసెలు కాలనీలో రెండు పడక గదుల ఇళ్లు దొరికినవాళ్లు పెద్దగా గొడవపడలేదు, ఎందుకంటే గంజ్ అక్కడికి దగ్గర. ఔటర్ రింగ్ రోడ్డు వైపు ఇల్లిస్తామన్నప్పుడే ఎక్కువమంది వెనక్కి తగ్గారు. తెల్లవారుజామున మూడింటికి లారీ దిగితే, అంత దూరం నుంచి హమాలీని తీసుకొచ్చే బస్సు ఆ వేళకు లేదు.