కూలింది 2004లో, పగిలింది 1989లో: 'అవెంజర్స్ డిస్అసెంబుల్డ్' గొడవ వెనక కథ

మార్వెల్ కామిక్స్ సంకలనం 'అవెంజర్స్ డిస్అసెంబుల్డ్' మీద మళ్లీ వాదన మొదలైంది. అవెంజర్స్ అనే సూపర్‌హీరో జట్టులోని మంత్రగత్తె వాండా మాక్సిమాఫ్ (స్కార్లెట్ విచ్) కథ తెరమీదకు వచ్చిన ప్రతిసారీ ఇదే వరస. 2021లో 'వాండావిజన్' వచ్చినప్పుడు ఒకసారి, 2022లో డాక్టర్ స్ట్రేంజ్ రెండో సినిమాలో ఆమెను విలన్‌గా చూపించినప్పుడు ఇంకోసారి, 2024లో అగాథా సిరీస్‌లో ఆమె కొడుకు బిల్లీ కనిపించాక మరోసారి. సినిమా చూసినవాళ్లు మూలం ఏమిటో తెలుసుకుందామని ఈ సంకలనం పట్టుకుంటారు, ఒక్క కూర్చులో చదివేసి అదిరిపోయింది అంటారు. ఏళ్లుగా అవెంజర్స్ చదువుతున్నవాళ్లకు అది వినగానే ఒళ్లు మండుతుంది. జట్టునీ వాండానీ కలిపి నాశనం చేసిన పుస్తకం అది, దాన్ని మెచ్చుకోవడమేమిటి అంటారు. రెండు పక్షాలూ 2004 చుట్టూనే తిరుగుతాయి. నేను చెప్పేది ఏంటంటే, ఈ గొడవకు అసలు కారణం ఆ పుస్తకంలో లేదు, దానికి 15 ఏళ్ల ముందు వచ్చిన రెండు సంచికల్లో ఉంది.

1963లో స్టాన్ లీ, జాక్ కర్బీ జట్టు ఎలా కట్టారు, రెండేళ్లకే కెప్టెన్ అమెరికా వెంట వాండా, క్విక్‌సిల్వర్, హాకై ఎలా చేరారు అన్నదంతా తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నాను. వాండా, జట్టులోని కృత్రిమ మనిషి విజన్ 1975లో పెళ్లి చేసుకున్నారు అన్న ఒక్క ముక్క గుర్తుంటే చాలు.

ముందు సంకలనంలో ఏముందో చూద్దాం. మూడో సిరీస్ 84వ సంచిక దగ్గర ఉండగా మార్వెల్ పాత లెక్క కలిపి ఒక్కసారిగా 500 నంబరు వేసింది. 2004లో వచ్చిన 500 నుంచి 503 దాకా నాలుగు సంచికలు, ఆ తర్వాత 'ఫినాలే' అని విడిగా ఒకటి, ఇదే పుస్తకం. రచన బ్రయన్ మైకేల్ బెండిస్, ప్రధాన కథకు బొమ్మలు డేవిడ్ ఫించ్. చనిపోయాడనుకున్న పాత సభ్యుడు జాక్ ఆఫ్ హార్ట్స్ అవెంజర్స్ భవనం ముందు ప్రత్యక్షమై పేలిపోతాడు, ఆ పేలుడులో స్కాట్ లాంగ్ (యాంట్-మ్యాన్) పోతాడు. విజన్ జట్టు విమానం క్విన్‌జెట్‌ను తెచ్చి అదే ఆవరణలో కూలుస్తాడు, అతని నోట్లోంచి వచ్చిన గోళాలు అల్ట్రాన్ అనే హంతక రోబోలుగా మారతాయి. షీ-హల్క్ అదుపు తప్పి విజన్‌ను రెండుగా చీల్చేస్తుంది. చుక్క మందు ముట్టకుండానే టోనీ స్టార్క్ (ఐరన్ మ్యాన్) ఐక్యరాజ్యసమితిలో తాగినవాడిలా ఊగిపోతూ లాట్వేరియా అనే కల్పిత దేశపు రాయబారి మీద విరుచుకుపడతాడు. క్రీ అనే గ్రహాంతర జాతి సైన్యం దిగుతుంది. అంబులపొదికి నిప్పంటుకున్న హాకై, శత్రువు ఓడలోకి దూసుకెళ్లి చనిపోతాడు. అప్పుడు మాంత్రికుడు డాక్టర్ స్ట్రేంజ్ వచ్చి ఇదంతా చేస్తున్నది వాండా అని చెబుతాడు.

ఇష్టపడేవాళ్లు చెప్పేదాంట్లో నిజం ఉంది. ఒక్కరోజులో ఇల్లు కూలిపోతున్న ఆ భయం ఫించ్ బొమ్మల్లో బాగా పట్టుబడింది. శత్రువు ఎవరో తెలియని టెన్షన్ చివరి సంచిక దాకా సడలదు. అప్పటికి అవెంజర్స్ పేరు పెద్దదే కానీ మార్వెల్‌లో సందడంతా ఎక్స్-మెన్, స్పైడర్-మ్యాన్ పుస్తకాలదే. ఇది ముగిశాక మొదలైన 'న్యూ అవెంజర్స్'లో స్పైడర్-మ్యాన్, వుల్వరిన్, లూక్ కేజ్ జట్టులోకి వచ్చారు, అమ్మకాల్లో ఆ పుస్తకం ముందు వరసకి చేరింది. 2005లో 'హౌస్ ఆఫ్ ఎమ్', 2006లో 'సివిల్ వార్', 2008లో 'సీక్రెట్ ఇన్వేజన్', ఇలా ఆ తర్వాత దాదాపు ప్రతి పెద్ద కథా అవెంజర్స్ చుట్టూనే నడిచింది. పాత జట్టును కూల్చకపోతే ఇదంతా జరిగేది కాదన్నది వాళ్ల మాట. ఒప్పుకోవచ్చు. కానీ కూల్చడానికి ఏ పునాది రాయి లాగారు అన్నది వేరే ప్రశ్న, దానికి మాత్రం వాళ్ల దగ్గర జవాబు వినపడదు.

ఆ రాయి వాండా పిల్లలు. 1985, 86లో స్టీవ్ ఎంగిల్‌హార్ట్ రాసిన, రిచర్డ్ హవెల్ బొమ్మలేసిన 12 సంచికల 'విజన్ అండ్ ది స్కార్లెట్ విచ్'లో ఆమె తన మంత్రశక్తితో గర్భం దాలుస్తుంది. చివరి సంచికలో కవలలు పుడతారు, థామస్, విలియం. ఒక మంత్రగత్తె, ఒక కృత్రిమ మనిషి ఊరి శివార్లలో కాపురం పెట్టి, ఇరుగుపొరుగు వాళ్ల ద్వేషాన్ని తట్టుకుని, పిల్లల్ని కనడం. అప్పటి సూపర్‌హీరో కామిక్స్‌లో ఇంత మెత్తని కథలు తక్కువ. ఆ 12 సంచికలు చదివినవాళ్లకు ఆ పిల్లలు కథలో ఒక మలుపు కాదు, ఇద్దరు పసివాళ్లు. ఈ తేడా పట్టుకోకపోతే తర్వాతి కోపం ఎప్పటికీ అర్థం కాదు.

1989లో జాన్ బర్న్ 'వెస్ట్ కోస్ట్ అవెంజర్స్' 42వ సంచిక నుంచి రచన, బొమ్మలు రెండూ చేపట్టాడు. విజన్ అంటే యంత్రం, యంత్రానికి పెళ్లేమిటి, పిల్లలేమిటి అన్నది బర్న్ పట్టు. వచ్చీ రాగానే విజన్‌ను ఎత్తుకుపోయారు, విడగొట్టి ముక్కలు చేశారు, జ్ఞాపకాలు చెరిపేశారు. జట్టులోని శాస్త్రవేత్త హ్యాంక్ పిమ్ మళ్లీ బిగించి లేపాడు కానీ, మొదట్లో ఏ సైమన్ విలియమ్స్ (వండర్ మ్యాన్ అనే హీరో) మెదడు అచ్చుతో విజన్‌కు మనసు వచ్చిందో ఆ సైమన్ ఈసారి ఇవ్వనన్నాడు. తెల్లగా పాలిపోయిన, ఏ భావమూ లేని విజన్ లేచాడు. భార్యను చూసి ఏమీ అనిపించని భర్త. వాండా ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే 51, 52 సంచికలు వచ్చాయి. అప్పటికి పత్రిక పేరు 'అవెంజర్స్ వెస్ట్ కోస్ట్' అయింది.

ఈ రెండు సంచికల దగ్గర కాస్త ఆగాలి. వాండా ధ్యాస వేరే చోట ఉన్నప్పుడు కవలలు మాయమవుతున్నారని పిల్లల్ని చూసుకునే ఆయాలు గమనిస్తారు. ఇంతలో మాస్టర్ పాండెమోనియం అనే రాక్షస విలన్ తన ఆత్మ ముక్కలు ఆ పిల్లలే అంటూ వాళ్లను ఎత్తుకుపోతాడు. చివరికి తేలేది ఏమిటంటే అవి మెఫిస్టో అనే సైతాను ముక్కలు. వాండా మంత్రం వేసిన వేళ చెల్లాచెదురై ఉన్న ఆ ముక్కల్లో రెండు పిల్లల రూపం తీసుకున్నాయట. పసివాళ్లు ఇద్దరూ పాండెమోనియం చేతులుగా మారిన ఆ బొమ్మ చూసినవాళ్లు మర్చిపోలేరు, నేనైతే మళ్లీ ఆ పేజీ తెరవదలుచుకోలేదు. పిల్లలు మెఫిస్టోలో కలిసిపోతారు. అప్పుడు వాండాకు మంత్రవిద్య నేర్పిన అగాథా హార్క్‌నెస్ ఏం చేస్తుందంటే, మెఫిస్టోను దెబ్బ తీయడానికి వాండా మనసులోంచి పిల్లల జ్ఞాపకాన్నే తుడిచేస్తుంది. తల్లికి ఏడవడానికి కూడా ఏమీ మిగల్చలేదు. ఆమెను ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. చుట్టూ ఉన్న జట్టుకు మాత్రం అంతా తెలుసు.

నా దృష్టిలో గొడవకు మూలం ఇదే. కథ రాసేవాళ్లు ఒక స్త్రీ జీవితంలోంచి భర్తనీ పిల్లల్నీ తీసేసి, ఆ బాధను కూడా తీసేసి, అక్కడితో ముగిసింది అనుకున్నారు. బర్న్ ఆ తర్వాత వాండాను చెడు వైపు తిప్పే కథ మొదలుపెట్టి, 57వ సంచికతో మధ్యలోనే పత్రిక వదిలి వెళ్లిపోవడంతో అది ఆయన అనుకున్నట్టు పూర్తి కాలేదు. మిగతాది రాయ్ థామస్, డాన్ థామస్ ముగించారు. 62వ సంచిక దాటేసరికి వాండా మామూలు మనిషైంది, పిల్లల సంగతీ తిరిగి తెలిసింది. పాత పాఠకులు ఎప్పుడూ ఎత్తి చూపే ముక్క ఇదే, దీనికి ఎదుటి పక్షం నుంచి నేను విన్న జవాబులేవీ నిలబడేవి కావు.

ఎందుకంటే 2004 కథ మొత్తం ఆమెకు ఆ సంగతి తెలియదన్న ఊహ మీద నిలబడి ఉంది. జట్టు సభ్యురాలు వాస్ప్ ఏదో మాటల మధ్యలో పిల్లల ప్రస్తావన తెస్తుంది, దాంతో తుడిచేసిన జ్ఞాపకం కదులుతుంది, వాండా మతి చెడుతుంది, నాకు మీరే ఈ అన్యాయం చేశారని జట్టు మీద తిరగబడుతుంది. మధ్యలో 1998 నుంచి 2002 దాకా కర్ట్ బ్యూసెక్ అవెంజర్స్ రాశాడు, మొదట దాదాపు మూడేళ్లు జార్జ్ పెరేజ్ బొమ్మలు. అందులో వాండా జట్టుకు వెన్నెముక. చనిపోయిన సైమన్‌ను వెనక్కి తెచ్చింది, తన శక్తి కేయాస్ మ్యాజిక్ (అస్తవ్యస్తతతో పనిచేసే మంత్రశక్తి) అని తెలుసుకుని దాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్చుకుంది, కెప్టెన్ అమెరికా పక్కన నాయకురాలి స్థాయిలో నిలబడింది. డిస్అసెంబుల్డ్‌లో స్ట్రేంజ్ వచ్చి అసలు కేయాస్ మ్యాజిక్ అనేదే లేదు అంటాడు. ఒక్క వాక్యంతో ఆ ఏళ్ల కథంతా కొట్టుకుపోయింది. బ్యూసెక్ కాలంలో అవెంజర్స్ మొదలుపెట్టిన తరం ఆ వాక్యాన్ని ఇప్పటికీ క్షమించలేదంటే అందులో అతి ఏమీ లేదు.

పాత అభిమానుల కోపం కొనసాగింపు తప్పుల (పాత కథలతో పొసగని వివరాల) గురించే అని కొత్తవాళ్లు కొట్టిపారేస్తుంటారు. అది సరికాదు. నంబర్లు, తేదీలు కలవకపోతే ఎవరూ ఇరవై ఏళ్లు బాధపడరు. వాళ్ల అభ్యంతరం ఇంకా లోతైనది. 500 నుంచి 502 దాకా వాండా మనసులోకి తీసుకెళ్లే పేజీ ఒక్కటి లేదు. ఆమె బాధ ఏమిటో ఆమె చెప్పదు, ఒక మగ మాంత్రికుడు వచ్చి మిగతావాళ్లకు వివరిస్తాడు. మనం వినేది తీర్పు మాత్రమే. ఆ తర్వాత, అప్పటి కథల్లో ఆమె తండ్రి అయిన మాగ్నెటో వచ్చి ఆమెను ఎత్తుకుని వెళ్లిపోతాడు, అంతే. 'ఫినాలే'లో పలువురు చిత్రకారులు పాత ఘట్టాలను మళ్లీ గీశారు, మిగిలినవాళ్లు ఒకచోట చేరి తమ మంచి రోజులు తలుచుకుంటారు. చాలా అందమైన సంచిక, కాదనను. కానీ ఆ తలపోతలో 1989లో తాము దాచిన సంగతికి లెక్క చెప్పేవాళ్లు కనపడరు.

కాలం కూడా చూడాలి. కామిక్స్‌లో హీరోల కథ నడవడానికి ఆడవాళ్లను చంపడం, చెరచడం, పిచ్చివాళ్లను చేయడం మామూలైపోయిందని కామిక్స్ రచయిత్రి గెయిల్ సిమోన్ 1999లోనే పేర్లతో సహా జాబితా పెట్టింది. 2004 వేసవిలో పోటీ కంపెనీ డీసీ 'ఐడెంటిటీ క్రైసిస్' మొదలుపెట్టింది, అక్కడా హతురాలు ఒక స్త్రీ, చివరికి హంతకురాలిగా తేలింది మతి తప్పిన ఇంకో స్త్రీ. రెండు పెద్ద కంపెనీల రెండు పెద్ద జట్లు ఒకే ఏడాది ఒకే దారిలో కూలాయి. అందుకే చాలామంది స్త్రీ పాఠకులకు డిస్అసెంబుల్డ్ విడి పుస్తకంగా కనిపించలేదు.

మరుసటి ఏడాది 'హౌస్ ఆఫ్ ఎమ్'లో వాండా ఇక మ్యూటెంట్లు (పుట్టుకతో శక్తులున్నవాళ్లు) వద్దు అన్న ఒక్క మాటతో లక్షల మంది శక్తులు పోగొట్టింది. అప్పటి నుంచి ఎక్స్-మెన్ పాఠకులకు కూడా ఆమె మీద కోపం మొదలైంది. పోనీ దిద్దుకున్నారా అంటే ప్రయత్నం చేశారు. 2005లో 'యంగ్ అవెంజర్స్'లో వచ్చిన కుర్ర హీరోలు విక్కన్, స్పీడ్ ఆ కవలల ఆత్మలేనని తేలింది. 2010 నుంచి 2012 దాకా నడిచిన 'చిల్డ్రన్స్ క్రూసేడ్'లో అలన్ హైన్‌బర్గ్, పిల్లల్ని తిరిగి తెచ్చుకోవాలని వాండా డాక్టర్ డూమ్ అనే విలన్ సాయంతో ఒక మహాశక్తిని తనలోకి రప్పించుకుందనీ, దాని వల్లే అదుపు తప్పిందనీ రాశాడు. డిస్అసెంబుల్డ్‌ను ఇష్టపడేవాళ్లకు ఇది నచ్చలేదు, తప్పును డూమ్ మీదకు నెట్టేశారు, ఆ విషాదానికి ఉన్న బరువు పోయింది అన్నారు. ఇంకో పక్షం, ఆమె ఏం కోరుకుందో ఆమె నోట వినపడిన కథ ఇన్నాళ్లకు వచ్చింది అంది. నేను రెండో పక్షంతోనే ఉంటాను. హాకై, స్కాట్ లాంగ్, విజన్ ముగ్గురూ తిరిగొచ్చారు కాబట్టి, ఆ పుస్తకం శాశ్వతంగా దెబ్బ తీసింది వాండా పేరునే అన్న మాట కూడా కాదనలేం.

2012లో 'అవెంజర్స్ వర్సెస్ ఎక్స్-మెన్' సున్నా సంచికలో ఆమె అవెంజర్స్ భవనం గుమ్మం దాకా వస్తే, వెళ్లిపొమ్మన్నది విజన్. 2021లో 'ట్రయల్ ఆఫ్ మాగ్నెటో'తో మ్యూటెంట్ల వైపు నుంచి క్షమాపణ దొరికింది. అవెంజర్స్ తమ వైపు నుంచి 1989కి క్షమాపణ చెప్పడం అంత సూటిగా ఎక్కడా చదివిన గుర్తు లేదు.

ఇప్పుడు పుస్తకం కొనబోతున్నవాళ్లకు ఒక మాట. మామూలుగా దొరికే డిస్అసెంబుల్డ్ సంకలనంలో 51, 52 సంచికలు ఉండవు. అవి 'డార్కర్ దాన్ స్కార్లెట్' అనే వేరే సంకలనంలో ఉన్నాయి, 60 నుంచి 62 దాకా సంచికలు కూడా అందులోనే ఉన్నాయి. విజన్‌ను విడగొట్టిన కథకు 'విజన్ క్వెస్ట్' చూడాలి. ముందు ఈ రెండూ చదివి, తర్వాత 500వ సంచిక తెరవండి. నచ్చితే నచ్చిందనే చెప్పండి, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో అప్పుడు ఎవరికైనా పేజీ నంబరుతో సహా చూపించగలరు.